సీసీ కెమెరా మీద గీతలు పడి రాత్రిపూట బొమ్మ తెల్లబారుతుంటే ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అపార్ట్‌మెంట్ గేటు దగ్గరున్న డోమ్ కెమెరాను పండగ శుభ్రంలో పొడిగుడ్డతో గట్టిగా తుడిచారు. గుండ్రటి కవర్ నిండా సన్నటి గీతలు పడ్డాయి. పగలు బొమ్మ బాగానే ఉంది, రాత్రయితే తెర మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర. టూత్‌పేస్ట్ రుద్దమని ఒకరు, లెన్స్ మార్చాలని ఇంకొకరు చెబుతున్నారు.

రెండూ ఇప్పుడే చేయకండి. మీ లెన్స్‌కి ఏమీ కాలేదు. డోమ్ కెమెరాలో మీ చేతికి తగిలేది లెన్స్ కాదు, దాని ముందున్న ప్లాస్టిక్ బుర్ర. అసలు లెన్స్ లోపల, చిటికెనవేలి కొన కంటే చిన్నగా ఉంటుంది. గీతలు కవర్ మీదే ఉన్నాయి కాబట్టి లెన్స్ మార్చడానికి పెట్టే డబ్బు వృథా.

పగలు కనబడని గీత రాత్రి ఎందుకు బయటపడుతుందో తెలిస్తే మందు అదే తెలుస్తుంది. కవర్ లెన్స్‌కి చాలా దగ్గర్లో ఉంటుంది. లెన్స్ ఫోకస్ దూరాన ఉన్న గేటు మీద ఉంటుంది కాబట్టి గీత గీతలా కనబడదు, ఆ భాగం కాస్త మసకబారుతుందంతే. ఆ మసక ఎంతో లెక్క కట్టవచ్చు. ఫోకల్ లెంగ్త్ 2.8 మిల్లీమీటర్లు, ఎఫ్ నంబరు 2.0 ఉన్న లెన్స్‌లో వెలుతురు లోపలికి వెళ్లే కన్నం వెడల్పు 2.8ని 2తో భాగిస్తే వచ్చే 1.4 మిల్లీమీటర్లు. అంటే బొమ్మలోని ఒక్కో చుక్క, కవర్ మీద దాదాపు అంతే వెడల్పున్న ముక్కలోంచి వస్తుంది. మిల్లీమీటరులో పదో వంతు మందం గీత సరిగ్గా దాని మధ్యలోంచి పోయినా అడ్డుపడేది తొమ్మిది శాతం వెలుతురుకే. పగటి ఎండలో ఆ తేడాని మనిషి కన్ను పట్టుకోదు.

రాత్రి కథ వేరు. లెన్స్ పక్కనే ఉన్న ఐఆర్ లైట్లు (చీకట్లో చూడటానికి కెమెరా వేసుకునే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు) కూడా అదే కవర్‌లోంచి బయటికి పోవాలి. చాలా కెమెరాల్లో అది 850 నానోమీటర్ల వెలుతురు, మన కంటికి లైటు దగ్గర కాస్త ఎర్రటి చుక్కలా మాత్రం కనిపిస్తుంది. కవర్ మీది ప్రతి గీతా ఆ వెలుతురులో కొంత పక్కలకు చిమ్ముతుంది, అందులో కొంత తిన్నగా వెనక్కి లెన్స్‌లోకే వస్తుంది. ఎదురుగా చీకటి కాబట్టి కెమెరా తన గెయిన్ (అందిన కాస్త వెలుతురునీ ఎక్కువ చేసి చూపే గుణం) పెంచేసుకుని కూర్చుని ఉంటుంది, వెనక్కి వచ్చిన ఆ కాస్త వెలుతురే పాలపొర అవుతుంది. మీ గీతలను మీ కెమెరా లైట్లే వెలిగిస్తున్నాయన్నమాట. ఎదురుగా బండి హెడ్‌లైట్ వచ్చినప్పుడు, పడమటి ముఖంగా ఉన్న కెమెరాకి సాయంత్రం ఎండ తగిలినప్పుడు జరిగేదీ ఇదే.

అయితే గీతలు కంటికి కనబడుతున్నాయి కదా అని నేరం వాటి మీదే వేయకండి. ముందు పరీక్ష చేయాలి. చీకటి పడ్డాక ఫోన్‌లో లైవ్ బొమ్మ పెట్టుకుని, కెమెరా సెట్టింగుల్లో ఐఆర్‌ను ఆపేసి, గేటు దగ్గర ట్యూబ్‌లైట్ వేయండి. తెల్లపొర పోయిందంటే ఐఆర్ వెనక్కి కొడుతోందని తేలింది. తర్వాత ఐఆర్ మళ్లీ వేసి, డోమ్ కవర్ విప్పి ఒక రెండు నిమిషాలు కవర్ లేకుండా చూడండి. వాన లేని రాత్రి చేయాలి, స్టూలు మీద ఎక్కి చేసే పని కాబట్టి కింద ఒక మనిషి ఉండాలి. కవర్ తీయగానే బొమ్మ నల్లగా, స్పష్టంగా వచ్చిందా, తప్పు కవర్‌ది. కవర్ తీసినా తెల్లగానే ఉందా, గీతలతో పనిలేదు, లెన్స్ మీదే జిడ్డో తేమో ఉంది.

ఈ రెండో పరీక్షలో ఇంకో సంగతి కూడా చూడాలి. ఐఆర్ ఉన్న డోముల్లో చాలావాటికి లెన్స్ చుట్టూ నల్లటి స్పాంజి గానీ రబ్బరు గానీ రింగు ఉంటుంది. కవర్ బిగించాక అది కవర్ లోపలి గోడకి ఆనాలి, పక్కనున్న లైట్ల వెలుతురు కవర్‌లో పరావర్తనం చెంది లెన్స్‌లోకి దూరకుండా ఆపేది అదే. శుభ్రం చేసేటప్పుడు కవర్ విప్పి మళ్లీ వంకరగా బిగించినా, రింగు జారినా, ఎండకి స్పాంజి పొడిపొడి అయి రాలినా, ఒక్క గీత లేని కొత్త కవర్‌తో కూడా ఇదే పాలపొర వస్తుంది. కవర్ మార్చాక కూడా సమస్య పోలేదని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి దొరికే జవాబు ఇదే. ఇంకా చిత్రమైనది, కొత్త కెమెరా పెట్టెలోంచి వచ్చేటప్పుడు కవర్ మీద అంటించిన సన్నటి రక్షణ పొరని బిగించినవాళ్లు తీయకుండా వదిలేయడం. ఏడాది తర్వాత అది ముడతలు పడి గీతల్లా కనిపిస్తుంది. గోటితో అంచు లేపి చూడండి.

బోరు నీళ్ల చారలు కూడా గీతల్లాగే కనిపిస్తాయి. మన ఊళ్లలో గోడ కడిగిన నీళ్లో, పైఅంతస్తు కుండీల నీళ్లో కవర్ మీద పడి ఆరితే సున్నం పేరుకుంటుంది. తేడా తెలుసుకోవడం తేలిక. ఫోన్ టార్చిని కవర్‌కి పక్కనుంచి ఏటవాలుగా వేసి చూస్తే గీత సన్నని మెరిసే తీగలా ఉంటుంది, నీటి మరక అంచులున్న మచ్చలా ఉంటుంది. మరకైతే మామూలు వంటింటి వెనిగర్ ఒక వంతు, నీళ్లు ఒక వంతు కలిపి, మెత్తటి గుడ్డ తడిపి మరక మీద ఐదు నిమిషాలు ఆనించి ఉంచండి. రుద్దకండి. తర్వాత మంచినీళ్లతో కడిగేయండి. మొండి మరకకి ఇదే మూడు నాలుగుసార్లు చేయాలి. ఇది బయటి కవర్‌కే, లోపలి లెన్స్ మీద వెనిగర్ వాడకండి.

సరే, నిజంగా గీతలే అనుకుందాం. పనులన్నీ ఒకే బరువువి కావు కాబట్టి తేలికైన దానితో మొదలుపెడదాం.

అన్నిటికంటే తేలికైనది కవర్‌ను తిప్పి బిగించడం. చాలా డోముల కవర్ రింగుకి మూడు స్క్రూలు 120 డిగ్రీల దూరంలో ఉంటాయి. కెమెరా చూసేది ఒకే వైపు. గీతలన్నీ ఆ వైపే ఉంటే ఒక్క స్క్రూ దూరం తిప్పి బిగిస్తే గోడ వైపున్న, ఎవరి చేయీ పడని శుభ్రమైన భాగం లెన్స్ ముందుకొస్తుంది. పైసా ఖర్చు లేదు. కవర్‌లో కిటికీలాగా ఒకవైపే పారదర్శకంగా ఉండే మోడళ్లకి, రింగుకి ఒకే చోట గుర్తు ఉండే మోడళ్లకి ఇది కుదరదు. స్క్రూలు సాధారణంగా అలెన్ కీతోనో నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్‌తోనో వస్తాయి, కెమెరా పెట్టెలో ఒక చిన్న కీ ఇస్తారు. మామూలు స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నించి తల అరగదీస్తే మాత్రం డ్రిల్లు తప్ప గతి లేదు.

రెండోది, లైటును కవర్ నుంచి విడదీయడం. గీతలు బాగా పడ్డ కెమెరాకి నన్నడిగితే పాలిష్ కంటే ఇదే మంచిది. కెమెరా ఐఆర్‌ను సెట్టింగుల్లో పూర్తిగా ఆపి, విడిగా 12 వోల్టుల ఐఆర్ దీపం ఒకటి కెమెరాకి కనీసం మీటరు పక్కన బిగించండి. ఇక ఏ వెలుతురూ గీతల మీద దగ్గర నుంచి పడదు కాబట్టి పొర కూడా ఉండదు. సాలెగూళ్లు, పురుగులు కూడా కెమెరా ముందు తగ్గుతాయి, అవి చేరేది లైటు దగ్గరికే కదా. దీపం కొనేటప్పుడు రెండు చూడండి: తరంగదైర్ఘ్యం 850 నానోమీటర్లు ఉండాలి, కోణం మీ లెన్స్ కోణానికి సరిపడాలి. 2.8 మిల్లీమీటర్ల లెన్స్ దాదాపు 100 డిగ్రీలు చూస్తుంది. 30 డిగ్రీల దీపం పెడితే మధ్యలో గుండ్రటి వెలుగు, చుట్టూ చీకటి మిగులుతాయి. కెమెరా అడాప్టర్ నుంచే దీపానికి కరెంటు లాగకండి. 1 ఆంపియర్ అడాప్టర్ మీద రెండూ పడితే రాత్రి ఐఆర్ వెలగగానే వోల్టేజి పడిపోయి కెమెరా రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. ఇంకో మాట, కొన్ని కెమెరాలు ఐఆర్ ఆపగానే రంగుల మోడ్‌లోనే ఉండిపోతాయి, అప్పుడు సెన్సర్ ముందున్న ఐఆర్ కట్ ఫిల్టర్ దీపం వెలుతురును అడ్డుకుంటుంది. డే/నైట్ సెట్టింగును నైట్‌కో షెడ్యూల్‌కో మార్చాలి. గేటు దగ్గర రాత్రంతా మామూలు ఎల్‌ఈడీ బల్బు వెలిగే చోటైతే ఐఆర్ దీపం కూడా అక్కర్లేదు, కెమెరా ఐఆర్ ఆపేస్తే చాలు.

మూడోది కవర్ మార్చడం. డోమ్ కవర్లు విడిగా దొరుకుతాయి. కెమెరా అడుగున ఉన్న స్టిక్కర్ మీది మోడల్ నంబరు, కవర్ అంచు బయటి వ్యాసం, బుర్ర వ్యాసం, ఎత్తు, ఈ నాలుగూ రాసుకుని వెళ్లండి. అంచు సరిపోయి ఎత్తు రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా, ఇందాక చెప్పిన నల్ల రింగు ఆనదు. నల్లద్దం రంగు కవర్ చూడ్డానికి బాగుంటుందని తీసుకోకండి, అది సుమారు సగం వెలుతురు తినేస్తుంది. కవర్, మెకానిక్ కూలీ కలిపి కొత్త కెమెరా ధరలో సగం దాటితే కెమెరానే మార్చండి, ఈసారి డోమ్ కాకుండా టరెట్ తీసుకోండి. కనుగుడ్డులా తిరిగే ఆ రకంలో లెన్స్ అద్దం వేరు, ఐఆర్ కిటికీ వేరు. లెన్స్ అద్దం మీద గీతపడినా పక్కనున్న లైటు దాన్ని ఇంత దారుణంగా వెలిగించదు.

ఇక పాలిష్ సంగతి. కవర్ దొరకనప్పుడు, పారేయడానికి సిద్ధపడ్డప్పుడు మాత్రమే చేయండి. ముందు గోరు పరీక్ష: గీతకి అడ్డంగా గోరు జరిపితే తగలకుండా జారిపోతోందా, అది పైపై గీత, పాలిష్‌కి పోతుంది. గోరు టక్కున ఆగుతోందా, దాన్ని తీయాలంటే చుట్టుపక్కల ప్లాస్టిక్ కూడా అంతే లోతు అరగదీయాలి. అలా ఒక్కచోట గుంట పడితే అక్కడ కవరే ఒక చెడ్డ లెన్స్‌లా మారి బొమ్మ అలలు తేలుతుంది. గీత పోయి వంకర మిగిలింది అంటే ఇదే.

డోమ్ కవర్లు ఎక్కువగా పాలీకార్బొనేట్, కొన్ని యాక్రిలిక్. పాలీకార్బొనేట్ సుత్తి దెబ్బకి తట్టుకుంటుంది కానీ మెత్తనిది, దుమ్ములోని ఇసుక రేణువు చాలు గీయడానికి. అందుకే మంచి కవర్ల మీద పల్చటి గట్టి పొర వేసి ఉంటుంది. పాలిష్‌లో మొదట పోయేది ఆ పొరే. కాబట్టి పాలిష్ చేసిన కవర్ ఇకపై ఇంకా త్వరగా గీసుకుపోతుంది, ఎండలో పసుపెక్కుతుంది. తెలిసి చేయండి.

పద్ధతి ఇది. కవర్‌ను కెమెరా నుంచి విడదీసి, గాస్కెట్ (నీళ్లు దిగకుండా అంచున ఉండే రబ్బరు) తీసి పక్కన పెట్టి, అంచు చుట్టూ మాస్కింగ్ టేప్ వేయండి. కెమెరాకి ఉండగానే రుద్దితే పొడి నీళ్లతో కలిసి లోపలికి దిగుతుంది. బకెట్ నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు ద్రవం వేసి, పెయింటర్లు వాడే వాటర్ పేపర్‌ను అందులో పది నిమిషాలు నానబెట్టండి. పైపై గీతలకి 2000 నంబరుతో మొదలుపెట్టి 3000తో ముగించండి. గోరుకి కొద్దిగా తగిలే గీతలుంటే 1500 నుంచి. ఒక్కో నంబరు రెండు మూడు నిమిషాలు, వేలితో కాకుండా మెత్తటి స్పాంజి ముక్కకి చుట్టి, ఎప్పటికప్పుడు తడుపుతూ. ఒక నంబరు అడ్డంగా రుద్దితే తర్వాతది నిలువుగా రుద్దండి, అప్పుడే ముందు నంబరు గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. గీత ఉన్న చోటే కాదు, బుర్ర మొత్తం సమానంగా రుద్దాలి. 3000 అయ్యేసరికి కవర్ మంచు పట్టినట్టు సమంగా తెల్లబడుతుంది. చాలామంది ఇక్కడ భయపడి ఆపేస్తారు. అది మధ్యలో రావాల్సిన దశే. తర్వాత ప్లాస్టిక్ పాలిష్ గానీ, కారు హెడ్‌లైట్లకి అమ్మే పాలిష్ గానీ (హెడ్‌లైట్లు కూడా పాలీకార్బొనేటే) బఠాణీ గింజంత తీసుకుని మైక్రోఫైబర్ గుడ్డతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ నాలుగైదు సార్లు చేయండి. డ్రిల్లుకి బఫ్ తగిలించి వేగంగా తిప్పితే రాపిడి వేడికి ప్లాస్టిక్ మెత్తబడి పూత పూసినట్టు అలుక్కుపోతుంది, యాక్రిలిక్ అయితే మరీ త్వరగా. చేత్తోనే చేయండి.

టూత్‌పేస్ట్ అసలు పనిచేయదని కాదు. అందులో ఉండేదీ సన్నటి రాపిడి పొడే, పైపై మసకను కొంత తగ్గిస్తుంది. కానీ పళ్ల కోసం చేసిన ఆ పొడి కొన్ని పేస్టుల్లో గరుకు, కొన్నిట్లో నునుపు, ఏది ఏదో డబ్బా మీద ఉండదు. పాత గీతలు పోయి వాటికంటే సన్నటి గీతలు వెయ్యి పడతాయి. ఐఆర్‌కి వెయ్యి సన్నటి గీతలన్నా పది లావు గీతలన్నా ఒకటే. పాలిష్ అయ్యాక మెరుపు కోసం మైనం, కొబ్బరినూనె, టైర్లకి పూసే ద్రవం లాంటివి రాయకండి, మొదటిరోజు అద్దంలా ఉంటుంది, వారంలో దుమ్ము అతుక్కుని మళ్లీ తెల్లపొరే.

పెయింట్ చుక్కలు తుడవడానికి థిన్నర్, గోళ్లరంగు తీసే అసిటోన్ ముట్టించొద్దు, ఈ రెండు ప్లాస్టిక్కులూ వాటికి కరిగి తెల్లబడతాయి. స్పిరిట్‌తో యాక్రిలిక్ కవర్‌లో సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లు వస్తాయి. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ కూడా వద్దు.

కవర్ కాకుండా నిజంగా లెన్స్ గాజు మీదే గీత పడిందనుకోండి, మెకానిక్ స్క్రూడ్రైవర్ జారినప్పుడో, కవర్ లేకుండా వాడినప్పుడో అలా జరుగుతుంది. అప్పుడు పాలిష్ అనే మాటే ఎత్తకండి. లెన్స్ మీద ఊదారంగో ఆకుపచ్చో మెరిసే పూత మిల్లీమీటరులో పదివేలో వంతు మందం. ఏ పాలిష్ అయినా గీత కంటే ముందు ఆ పూతను లేపేస్తుంది. సన్నటి గీత ఒకటి రెండైతే వదిలేయండి, బొమ్మలో కనబడదు. పెచ్చు లేచి లైటు పడ్డప్పుడు మెరుస్తుంటే ఫొటోగ్రాఫర్ల పాత చిట్కా ఉంది: ఆ గుంటలో మాత్రమే, సూది మొనతో మెరుపులేని నల్లరంగు చుక్క పెట్టడం. నల్లచుక్క కొంచెం వెలుతురు ఆపుతుంది కానీ చిమ్మదు. చుక్క అర మిల్లీమీటరు దాటకూడదు.

లెన్స్ మార్చడం తప్పదంటే, ఫిక్స్‌డ్ కెమెరాల్లో ఎక్కువ భాగానికి ఎం12 మర లెన్స్ (12 మిల్లీమీటర్ల మరతో తిప్పి బిగించేది) ఉంటుంది. పాతదాని మీద రాసిన ఫోకల్ లెంగ్త్ (2.8, 3.6, 6 ఇలా), ఎఫ్ నంబరు, మెగాపిక్సెల్, సెన్సర్ సైజు అన్నీ కలిసేది, ఐఆర్ కరెక్షన్ ఉన్నది తీసుకోవాలి. ఐఆర్ కరెక్షన్ లేని లెన్స్ పగలు పదునుగా, రాత్రి మసకగా ఉంటుంది. పాత లెన్స్ మర దగ్గర జిగురు వేసి ఉంటే హెయిర్ డ్రైయర్‌తో దూరం నుంచి వేడిచేసి మెత్తబరచి తిప్పండి. సెన్సర్ తెరుచుకుని ఉండే సమయం వీలైనంత తక్కువ ఉండాలి, ఫ్యాన్ కింద ఈ పని చేయకండి. మర పిచ్ (ఒక చుట్టుకి లెన్స్ జరిగే దూరం) అర మిల్లీమీటరు కాబట్టి పదిపన్నెండు డిగ్రీలు అటూ ఇటూ తిరిగినా ఫోకస్ పోతుంది. లైవ్ బొమ్మను కంప్యూటర్‌లో పెద్దది చేసి, గేటు దూరంలో ఉన్న అక్షరాల మీద ఫోకస్ చేయండి, ఫోన్ చిన్న తెర మీద అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఫోకస్ నిలపడానికి ఫెవిక్విక్ వాడితే దాని ఆవిరి లెన్స్ లోపలి గాజు మీద తెల్లటి పొడిలా పేరుకుంటుంది, ఇంత పనీ బూడిదలో పోసినట్టే. మర మీద చిన్న రబ్బరు జిగురు చుక్క చాలు.

బులెట్ కెమెరా (పొడుగాటి గొట్టంలా ఉండేది) వాళ్లకి రెండు మాటలు. ముందున్నది చదునైన అద్దం, దాని వెనకే లైట్లు, లెన్స్ రెండూ. లైట్ల ముందు పడిన గీతల్ని పట్టించుకోనక్కర్లేదు, మధ్యలో రబ్బరు రింగు లోపలున్న భాగమే ముఖ్యం. గాజు మీద పైపై గీతలు సీరియం ఆక్సైడ్ పొడితో తగ్గుతాయి కానీ గంటల పని, అంత చిన్న అద్దం మార్పించడమే నయం.

మళ్లీ బిగించేటప్పుడు గాస్కెట్ మీద ఒక్క వెంట్రుక, ఇసుక రేణువు లేకుండా తుడవండి, ఐపీ66 (దుమ్ము, నీళ్లు చొరబడవనే గుర్తు) అని రాసి ఉన్నా దాని మీద ఆధారపడేది ఆ రబ్బరు ఒక్కటే. లోపల కొత్త సిలికా జెల్ పొట్లం పెట్టి, తేమ తక్కువున్న ఎండ రోజు మధ్యాహ్నం మూయండి. వానాకాలం సాయంత్రం మూస్తే లోపల చిక్కిన తేమ తెల్లవారుజామున చల్లదనానికి సన్నటి నీటి చుక్కలై కవర్‌కి పడుతుంది, మీరు మళ్లీ గీతలనే అనుమానిస్తారు. అంచు కారుతోందని సిలికాన్ సీలెంట్ వేయాల్సి వస్తే వెనిగర్ వాసన వచ్చే రకం కొనకండి, ఆ ఆమ్లం లోపలి సర్క్యూట్‌ను తింటుంది. న్యూట్రల్ అని రాసి ఉన్నది అడగండి. స్క్రూలు మూడూ కొంచెం కొంచెంగా, వంతులవారీగా బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించి తర్వాతది మొదలుపెడితే కవర్ ఒకవైపు లేచి రింగు ఆనదు. వేరిఫోకల్ (ఫోకల్ లెంగ్త్ మార్చుకునే వీలున్న) కెమెరా అయితే కవర్ పెట్టాకే ఫోకస్ సరిచూడండి, కవర్ లేకుండా చేసిన ఫోకస్ కవర్ పెట్టగానే కొంచెం జరుగుతుంది.

ఇక మీద తుడవాల్సి వస్తే ముందు రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఊదండి, తర్వాత మగ్గుతో మంచినీళ్లు పోయండి, సబ్బు నీళ్లలో తడిపిన మైక్రోఫైబర్‌తో పైనుంచి కిందికి ఒత్తకుండా జారనివ్వండి, మళ్లీ నీళ్లు, ఆరబెట్టడం రుద్దకుండా గుడ్డతో అద్దుతూ. సాలెగూటికి బూజుకర్ర పెట్టొద్దు, దాని పీచులో పట్టిన ఇసుకే చాలా గీతలకి కారణం. రెండంగుళాల కొత్త పెయింట్ బ్రష్ పొడిగా వాడితే గూడు చుట్టుకుని వచ్చేస్తుంది. గోడలకి సున్నం వేయించేటప్పుడు కెమెరాకి ప్లాస్టిక్ కవర్ తొడిగించండి, పని అయిన రోజే తీయించండి. రాత్రి ఎనిమిది తర్వాత ఒక స్నాప్‌షాట్ తీసి ఫోన్‌లో దాచుకోండి. నెల తర్వాత తీసిన దాన్ని పక్కన పెట్టి చూస్తే పొర మళ్లీ మొదలవుతోందో లేదో ఇట్టే తెలుస్తుంది.